గులాబీ గౌను మీద ఫిర్యాదు

ఆ గుంపులోంచి నన్ను తీసేసింది ఒక మంగళవారం సాయంత్రం, ఆరూ నలభైకి. పొయ్యి మీద వంకాయ కూర ఉంది. ఫోను చూసుకుంటే, మిమ్మల్ని తొలగించారు అన్న ముక్క ఒక్కటే. కారణం లేదు, నమస్కారం లేదు. దాన్నే చూస్తూ నిలబడిపోయాను. కూర మాడింది. మాడిన కూర సంగతి కూడా తేదీ పక్కన రాసుకున్నాను.

నేను గుంటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫయి రెండేళ్లు ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చున్నదాన్ని. చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి, తిరిగి చదివి వినిపించాలి, "ఇంకేమైనా ఉందా అండీ" అని అడగాలి, నంబరు ఇవ్వాలి. అదీ మా పద్ధతి. రిటైరయ్యాక ఫిర్యాదు చేసే వంతు నాకొచ్చింది. దానికోసం ఒక నోట్‌బుక్కు పెట్టాను. ఎవరు, ఏ రోజు, నన్ను ఏ మాటన్నారో అందులో ఉంటుంది. మా ఆడపడుచు ఇంటి పెళ్లిలో నన్ను రెండో పంక్తికి ఆగమన్న సంగతి మొదటి పేజీలోనే ఉంది.

గుంపు సంగతి చెప్పాలి. కర్నూలు జిల్లా పడమటి ఊళ్లలో వానాకాలం పంట ఇంటికి రాగానే తలుపులకు తాళాలు పడతాయి. జనం పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి మా గుంటూరు వైపు వచ్చి నాలుగైదు నెలలు ఉంటారు. దాన్ని వాళ్లు సుగ్గి అంటారు. పిల్లల్ని వెంట తెస్తే చదువు పోతుంది. అందుకని ఒక చిన్న సంస్థ, ఆ నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి బడికి వెళ్లేలా హాస్టలు నడుపుతోంది. సాయమంతా ఫోన్లోంచే వస్తుంది. 'సుగ్గి నేస్తాలు' అని ఒక వాట్సాప్ గుంపు, ఒక ఫేస్‌బుక్ పేజీ. ప్రతి ఆదివారం చిన్న వీడియో పెడతారు. కింద స్కాన్ చేసే గళ్ల బొమ్మ ఉంటుంది. ఎవరో దుబాయిలో కూర్చుని దుప్పట్లు కొంటారు, ఎవరో విశాఖపట్నం నుంచి సాయంత్రాలు వీడియో కాల్లో లెక్కలు చెబుతారు. నా వంతు నెలకో వారానికి సరిపడా కందిపప్పు.

నేను చేరింది రెండేళ్ల కిందట, ఒక వీడియో చూసి. గులాబీరంగు గౌను వేసుకున్న ఒక పిల్ల పంతొమ్మిదో ఎక్కం గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆ గొంతు నాకు నచ్చింది. ఆ తర్వాత ఏమైందో, వీడియోల్లో మొహాలు ఆగిపోయాయి. పలక పట్టుకున్న చేతులు, తొక్కుడుబిళ్ల ఆడే పాదాలు, జడలు, వీపులు. మొహాలు చూపించమని పద్నాలుగుసార్లు అడిగాను. తేదీలున్నాయి. పదిహేనోసారి కోపం ఆగక, "అసలు పిల్లలున్నారా, లేరా?" అని రాశాను. దాన్ని ఎవరో ఫొటో తీసి ఇంకో నాలుగు గుంపుల్లో పెట్టారు. జనం ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. చివరికి నన్ను పంపేశారు.

ఆ పిల్లల్ని నా కళ్లతో చూడాలి. తర్వాత కడపలో ఉండే గుంపు అడ్మిన్ పర్వీన్ ఎదుట కూర్చుని, నన్ను ఎందుకు తీసేసిందో రాయించుకోవాలి. ఈ రెండు పనుల మీద దీపావళి దాటిన గురువారం బస్సెక్కాను.

ఆత్మకూరు

నల్లమల దాటి బస్సు ఆత్మకూరులో ఆగేసరికి నా చెప్పు తెగింది. అడవంతా కోతులను లెక్కపెడుతూ కాళ్లు సీటు కింద ఇరికించడం వల్ల అయింది. టీ బంకు దగ్గర ఒంటి చెప్పుతో నిలబడితే, పక్కన ఉడకబెట్టిన వేరుశనగకాయలు వొలుచుకుంటున్న ఒక పెద్దాయన, అడగకుండానే గుప్పెడు నా చేతిలో పోశాడు. మా వైపు ముక్కూమొహం తెలియనివాళ్లకు ఇలా పెట్టరు. పెట్టినా మనం తినం. నేను తిన్నాను.

"యాడికి పోతాండావు మా, ఒంటి చెప్పుతో?"

"కర్నూలు. ఒక ఫిర్యాదు ఉంది."

"ఎవురి మీద?"

"ఫోన్లో ఒక గుంపు ఉంది, దాని మీద."

ఆయన నోట్లో కాయ నమలడం ఆపాడు. "ఫోన్లో కొట్లాడినోళ్ల మీదికి బస్సెక్కి పోతాండావా? మేలే మా. ఈ కాలంలో మనిషిని ఎతుక్కుంటా పోయి కొట్లాడేటోళ్లు యాడుండారు."

పొగిడాడో, ఎగతాళి చేశాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. టీ పది రూపాయలు. గ్లాసు మాత్రం మా ఊరి గ్లాసులో సగం.

కర్నూలు

పేజీలో ఉన్న ఆఫీసు చిరునామా పట్టుకుని పాతబస్తీలో గంట తిరిగాను. చివరికి అది ఒక టైలరు దుకాణమైంది. మెషీను తొక్కుతున్న మస్తాన్ అనే ఆయనకు అరవై దాటి ఉంటాయి.

"ఇక్కడ ఆఫీసు ఉందన్నారే?"

"ఆఫీసు ఫోన్లో ఉండాది అమ్మా. చిరునామా మాత్రం నాది. కాయితాల్లోకి ఒక గోడ గావాలంటే, మా గోడ ఇచ్చినా."

పిల్లల్ని చూడాలి, హాస్టలున్న ఊరు ఎటని అడిగాను. నేను అనుమానంగా చూసిన చూపు ఆయన కనిపెట్టాడు. లేచి లోపలికి వెళ్లి ఒక మూట తెచ్చి విప్పాడు. బడి సంచులు. పెళ్లి షేర్వాణీలు కుట్టగా మిగిలిన గుడ్డలతో కుట్టినవి. ఒక్కోదానికి ఒక్కో జరీ అంచు.

"నేను దుడ్లు ఇయ్యలేను. గుంపులో సంచులు కావాలని రాసినారు. నా కోడలు సదివి సెప్పింది. మీరు ఆ ఊరికే పోతాంటే ఇవి తీస్కపోండి. కొరియరోడు పోయినసారి రెండు సంచులు మాయం జేసినాడు."

ఫిర్యాదు చేయడానికి వచ్చినదాన్ని, సంచుల మూట మోసుకుంటూ బయటపడ్డాను. ఆయన నా తెగిన చెప్పు కూడా అదే మెషీను మీద కుట్టి ఇచ్చాడు. ఎంతివ్వాలంటే, "సంచులు జాగర్త" అన్నాడు.

ఆదోని దాటాక

శుక్రవారం ఉదయం ఆదోని బస్టాండులో ఉగ్గాని తిన్నాను. మరమరాలు నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. ముప్ఫయి రూపాయలకు కడుపు నిండింది. బజ్జీ కొరికాక కళ్లు నిండాయి. హోటలామె చెంబుతో నీళ్లు తెచ్చి, "ఏ ఊరక్కా మీది?" అంది. గుంటూరన్నాను. ఆమె లోపలికి తిరిగి, "ఏమయ్యో, ఇట్ల రా! గుంటూరామెకు మన కారం ఆగలేదు, సూద్దువు రా!" అని మొగుణ్ని పిలిచింది. ఇద్దరూ నిలబడి చూశారు. రాసుకున్నాను.

హాస్టలున్న ఊరి పేరు రాయను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. ఎర్రనేల, నల్లరేగడి పక్కపక్కనే ఉండే ఊరు. సగం ఇళ్లకు అప్పుడే తాళాలు. మిగతా సగం సోమవారం వచ్చే బండి కోసం మూటలు కడుతున్నారు. హాస్టలంటే రెండు రేకుల గదులు, ఒక వసారా. వార్డెనూ, వంటమనిషీ ఒక్కరే, ఈరమ్మ. నేను ఎవరో చెప్పలేదు. గుంటూరు నుంచి చూడ్డానికి వచ్చానన్నాను, సంచుల మూట దించాను.

పిల్లలు లేరేమో అని రాసిన మనిషి చుట్టూ రెండు నిమిషాల్లో ముప్ఫయి మంది చేరారు. "అవ్వా, నా సంచి! అవ్వా, నాకు బంగారుదారంది!" నాకు అరవై రెండు. మా వీధిలో ఇంకా ఆంటీ అనే అంటారు. మొదటి 'అవ్వా'కు నొచ్చుకున్నాను. పదోదానికి పలికాను.

మధ్యాహ్నం బస్సు దుమ్ము వదిలించుకోవాలని బకెట్టు నిండా నీళ్లతో స్నానం చేసి వస్తే, ఈరమ్మ ఖాళీ బకెట్టు వైపు చూసింది.

"ఏమ్మా?"

"ఏం లేదు మేడం. నీళ్లు మూడ్దినాలకొకసారి వస్తాయి. అది ఎనిమిది మంది పిల్లోళ్ల నీళ్లు. మీరు కాలవల దేశమోళ్లు గదా, మీకెట్ల తెలుస్తాది లే."

అంత మెత్తగా నన్నెవరూ ఎప్పుడూ తిట్టలేదు. మర్నాటి నుంచి చెంబుతోనే కానిచ్చాను.

జొన్నరొట్టె చేయడం చూస్తూ వసారాలో కూర్చున్నాను. మా వైపు అన్నం ఉడికితే వంట సగం అయిపోయినట్టే. ఇక్కడ రొట్టె చప్పుడుతోనే వంట మొదలవుతుంది. అరచేతులతో తడుతుంటే రొట్టె తిరుగుతూ పెద్దదవుతుంది. ఈరమ్మ పక్కన పన్నెండేళ్ల పిల్ల ఒకతె రొట్టెలు పేర్చుతూ, తనలో తను ఎక్కం చెప్పుకుంటోంది. పంతొమ్మిదోది. ముప్ఫయి రెండేళ్లు గొంతులతోనే బతికినదాన్ని, నాకు మొహం చూడక్కర్లేదు.

"గులాబీ గౌను!" అన్నాను పైకే.

పిల్ల గబుక్కున లేచి వెళ్లిపోయింది. ఈరమ్మ రొట్టె పెనం మీద వేసి, "ఆ పాప పేరు మహాదేవి," అంది. "హాస్టల్ పేర్లలో లేదు. పోయినేడు వాళ్ల నాయన ఎంట తీస్కపోయినాడు. ఏడాది సదువు పాయె. సోమారం మళ్లా తీస్కపోతాడు. ఈసారి పోతే ఇంగ బడికి రాదు మేడం. పెద్దదైతాంది. ఆడనే మిరప కోసుకుంటా ఉంటాది."

"నేను మాట్లాడతాను," అన్నాను. మాట్లాడ్డంలో నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం.

అరుగు మీద

మహాదేవి తండ్రిని ఇక్కడ ఉరుకుందప్ప అంటాను. ఆయన అసలు పేరు కాదు, ఆ వైపు వీధికి నలుగురికి ఉండే పేరు. పిల్లల పేర్లూ మార్చినవే. అరుగు మీద మంచం నులక బిగిస్తున్నాడు.

"ఏమప్పా, గుంటూరు నుంచి మేడం వచ్చింది, నీతో మాట్లాడల్లంట," అంది ఈరమ్మ.

"మేం సోమారం పోయేది ఆడికే గదా. ఈమెందుకొచ్చింది, తోలకపోనీకా?"

"మీ మహాదేవిని హాస్టల్లో ఎందుకు ఉంచడం లేదండీ?"

"ఉంచను."

"కారణం?"

"కారణం శానా పెద్దది. నీకు టైముండాదా?"

నేను నోట్‌బుక్కు తీశాను. ఆయన నులక తాడు కాలికింద తొక్కిపట్టి, మొదలుపెట్టాడు.

"రెండేండ్ల కింద పాపని ఈడనే ఇడిసిపెట్టి పోయినాం. మీ గుంటూరు పక్క, పత్తి చేన్లో ఉండాం. మద్యానం బువ్వకాడ మేస్త్రీ ఫోన్ దీసి, 'ఏమప్పా, నీ కూతురు ఫోన్లో పడింది' అన్నాడు. నలభై మందిమి గుమిగూడి సూసినాం. నా బిడ్డ ఎక్కం సెప్తాండాది. ఆ గౌను నేను కొనిచ్చిందే. నాకు ఎంత సంతోసమంటే, బువ్వ తినేది మర్సిపోయినా. కింద ఎవురెవురో రాసినారు సదువుతా అన్నాడు మేస్త్రీ. బంగారుతల్లి, సల్లగుండల్ల, అట్లాంటివి సదివినాడు. ఆమీట ఇంగొకటి సదివినాడు."

ఆ ఇంకొకదాన్ని ఆయన మా గుంటూరు మాటల్లో, అక్షరం పోకుండా అప్పజెప్పాడు. "'పాపం, ఆ పిల్ల గౌను చూస్తే కడుపు తరుక్కుపోతోంది. ఎవరో విప్పేసిన పాతది తగిలించినట్టున్నారు. ఊరందరి దగ్గరా అడుక్కుంటున్నారు కదా, పిల్లకి ఒక మంచి గౌను కొనలేరా?'"

వీధిలో మేకలు పోతున్నాయి. అవి పోయేదాకా ఆగాడు.

"ఎవురూ నవ్వలేదు. నవ్వింటే బాగుండు. అందరూ నా పక్క సూసి 'పాపం' అన్నారు."

నాకు ఒళ్లు మండింది. రెండేళ్లు ఒక మాటను ఇంత పదిలంగా పెట్టుకున్న మనిషిని నేను అద్దంలో తప్ప చూడలేదు. "ఆ వీడియో నేనూ చూశాను. ఎవరండీ ఆ మనిషి? పేరు చెప్పండి."

"పేరు నాకెట్ల తెలుస్తాది? ఆడమనిషి అన్నాడు మేస్త్రీ. నువ్వు గూడ ఆ వీడియో సూసినావంటివే, నువ్వేం రాసినావు కింద?"

"నేనేమీ రాయలేదు. రాస్తే నాకు గుర్తుండదా?" అన్నాను.

"సరే, ఇను. ఆ మాటన్న మనిషి ఈడికొచ్చి, ఈ అరుగు మీద కూకోని, నా ముందర మళ్లా అనల్ల. అట్లయితే నా బిడ్డను హాస్టల్లో ఇడుస్తా. లేకుంటే ఎంట తోలకపోతా. నా కంటి ముందర ఉంటే ఎవురూ ఏమీ రాయరు."

"సోమవారంలోగా పట్టుకొస్తాను," అన్నాను. అది ఒట్టి మాట కాదు. ఆ పేజీలో పాతవన్నీ పర్వీన్ దగ్గర ఉంటాయని నాకు తెలుసు.

కడప

ఆదోని నుంచి శనివారం పగటి రైల్లో కడప చేరాను. దారంతా ఎదురుసీటు దంపతులు చీనీకాయలు, అంటే మా బత్తాయిలే, వొలిచి పెడుతూనే ఉన్నారు. పర్వీన్ వాళ్ల అన్న ఫొటో స్టూడియో ఏడురోడ్ల దగ్గర ఒక సందులో ఉంది. పెళ్లి ఆల్బములు చేస్తారు. గోడల నిండా నవ్వుతున్న పెళ్లికూతుళ్లు, పెళ్లికొడుకులు. పిల్లల మొహాలు చూపించని అమ్మాయి పొద్దంతా మొహాలకే మెరుగులు దిద్దుతూ కూర్చుంటుంది. ముప్ఫయేళ్లుంటాయి.

"మీరు గుంటూరు రత్నకుమారి మేడం కదా?"

"ఎలా గుర్తుపట్టావు?"

"కుర్చీ సూపిస్తే కూర్చోకుండా, ముందు ఫ్యాన్ వేయమన్నారు. గుంపులో గూడ మీరు అట్లనే. ఉండండి మేడం, దోశ తెప్పిస్తా. కోపం తర్వాత."

కడప కారం దోశ గురించి మాట్లాడను. మంచినీళ్ల గ్లాసు మాత్రం ముందే దగ్గర పెట్టుకున్నాను.

"నా సంగతి తర్వాత," అన్నాను. "రెండేళ్ల కిందట, గులాబీ గౌను వీడియో కింద ఒక కామెంటు వచ్చింది. ఎవరు రాశారో నాకు కావాలి. ఆ మనిషిని సోమవారంలోగా మహాదేవి వాళ్ల నాయన ముందు కూర్చోబెట్టాలి."

పర్వీన్ చేతిలో దోశ ముక్క ఆగిపోయింది. కాసేపటికి సొరుగు తెరిచి, ప్లాస్టిక్ అతికించిన ఒక కాగితం తీసింది. ఆ కామెంటే. రాసినవాళ్ల పేరు మీద నల్లగా పూశారు.

"దీన్ని సూసే మేం మొకాలు తీసేది మానుకున్యాం మేడం. ఆ వీడియో ఆ రోజే తీసేసినాం. కొత్తగా ఎవురు వీడియోలు తీస్తామని వచ్చినా, ముందు ఈ కాగితం సదవమంటాం. సదివినాక కెమెరా యాడ పట్టుకోవల్లో వాళ్లకే తెలుస్తాది."

"మంచి పని చేశారు. పేరు మీద ఈ నలుపెందుకు?"

"ఎవురి పరువైనా పరువే కదా మేడం."

"తీయండి."

"దోశ సల్లారిపోతాది మేడం."

"పేరు లేని ఫిర్యాదు నేను ముప్ఫయి రెండేళ్లలో ఒక్కటి తీసుకోలేదు. తీయండి."

ఆమె నిట్టూర్చి, కంప్యూటర్లో అప్పుడు దాచిన అసలు ఫొటో తెరిచి, నా వైపు తిప్పింది. పేరు పక్కన గుండ్రంగా ఒక మల్లెకుండీ బొమ్మ. మా డాబా మీది కుండీ. దాని పక్కన నా పేరు, ఇంటిపేరుతో సహా.

"మీకు గుర్తుంటాదనుకున్యా," అంది పర్వీన్ నెమ్మదిగా. "మీరు అన్నీ తేదీలేసి రాసిపెట్టుకుంటారు కదా."

సంచిలోంచి నోట్‌బుక్కు తీసి ఆ తేదీ వెతికాను. ఆ రోజు పాలవాడు నన్ను "ఎప్పుడూ సణుగుడేనా" అన్నాడని ఉంది. ఆ కింది పేజీ, ఆ కింది పేజీ కూడా చూశాను. నన్ను అన్నవన్నీ ఉన్నాయి. నేను అన్నది లేదు. నిజానికి ఆ రోజు నేను తిట్టింది సంస్థను. పిల్ల బాగు కోరే రాశానని, రాసేసి పప్పు పోపు వేసుకున్నానని కొద్దికొద్దిగా గుర్తొచ్చింది.

"దీనికా నన్ను తీసేశావు?"

"దీనికైతే రెండేండ్ల కిందనే తీసింటి. మీరు కందిపప్పు ఒక్క నెల గూడ తప్పలేదు. తిడ్తా పంపుతారు, అయినా పంపుతారు. మీరు పిల్లలు లేరన్నారు సూడండి, అందుకు తీసినా. నాకు కోపం వచ్చింది. నేను గూడ మనిషినే కదా మేడం."

"రాసివ్వు," అన్నాను అలవాటు కొద్దీ.

స్టూడియో రసీదు వెనక ఆమె, "కోపం వచ్చింది" అని రాసి, సంతకం చేసి ఇచ్చింది. నాకు ఇన్నేళ్లలో వచ్చిన జవాబులన్నిట్లోకీ అదే నిజాయితీ గలది.

మళ్లీ ఆ అరుగు మీదే

కడప నుంచి గుంటూరుకు తీసుకున్న టికెట్టు సంచిలోనే ఉండిపోయింది. ఆదివారం వచ్చిన దారినే రైల్లో వెనక్కి వెళ్లాను. చీనీకాయలు పెట్టేవాళ్లెవరూ దొరకలేదు. దొరికినా మింగుడుపడేవి కాదు.

ఉరుకుందప్ప బియ్యం మూట కడుతున్నాడు. పక్కన ఒక రేకు పెట్టె, మూత తెరిచి. మహాదేవి బట్టలు మడతపెడుతోంది. ఈరమ్మ నా వెనకే వచ్చింది.

"పట్టకొచ్చినావా?"

"పట్టుకొచ్చాను."

ఆయన నా భుజం మీదుగా వీధిలోకి చూశాడు. "యాడ?"

"ఇక్కడే. ఆ మాట నాదే."

ఈరమ్మ చేత్తో నోరు మూసుకుంది. ఉరుకుందప్ప మూట వదిలేసి, లేచి వచ్చి, అరుగు మీద చోటు చూపించాడు. కూర్చున్నాను.

"అయితే మళ్లా అను."

నోరు తెరిచాను. "పాపం" దాకా వచ్చి ఆగిపోయాను. ఎదురుగా ఆయన మొహం ఉంది, గుమ్మంలో మహాదేవి మొహం ఉంది. ఇంకోసారి ప్రయత్నించాను. కాలేదు.

"అనలేవు గదా?"

"అనలేను."

"ఫోన్లో ఎట్లంటివి?"

నాకు చేతనైంది ఒకటే పని. నోట్‌బుక్కు తెరిచి, కొత్త పేజీ తీసి, "మీ ఫిర్యాదు చెప్పండి. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను," అన్నాను.

ఆయన మొదలుపెట్టాడు, ఆగలేదు. "ఆ గౌను పాతది గాదు. ఆదోనిలో మూడంగళ్లు తిరిగి కొన్నా. ఎర్రది గావాలన్నాది పాప, ఎర్రదాంట్లో సైజు ల్యాకపోతే గులాబీది తీస్కున్యాం. మేం అడుక్కోలేదు. అడుక్కునేటోళ్లమైతే నీ ఊరికొచ్చి ఎండలో పత్తి ఎందుకు తీస్తాం? ఆ హాస్టల్ కట్టేటప్పుడు రాళ్లు మోసింది నేను. రాసినావా? రాళ్లు మోసింది రాయి." లోపలికి తిరిగి, "గంగా!" అని కేకేశాడు. ఆరేళ్ల చిన్నపిల్ల బయటికొచ్చింది. అదే గౌను. గులాబీ వెలిసి తెల్లబడింది, అంచు విప్పి మళ్లీ కుట్టారు. "సూడు. ఇద్దరు తొడిగినారు. యాడన్నా సిరిగిందా?"

"చిరగలేదు."

"రాయి."

రాశాను. తిరిగి చదివి వినిపించాను. ఎక్స్ఛేంజిలో చదివినట్టే, నా ఊహలేవీ కలపకుండా. మధ్యలో ఆపాడు. "మూడు గాదు, నాలుగంగళ్లు. దిద్దు." దిద్దాను.

"ఇంకేమైనా ఉందా అండీ?"

ఆ మాటకు ఆయన కళ్లు తిప్పుకున్నాడు. "ఉండాది. నా బిడ్డ పంతొమ్మిదో ఎక్కం సెప్పింది గదా. దాని గురించి ఒక్క ముక్క రాయకపోతివే నువ్వు."

అది రాయడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

"దీనికి నంబరేమన్నా ఇస్తారా?"

"ఇస్తాను. ఒకటి."

మహాదేవి గుమ్మంలోంచే అడిగింది. "నాయనా, పెట్టె యాడికి సర్దల్ల? బండికా, హాస్టల్‌కా?"

ఆయన నా నోట్‌బుక్కు తీసుకుని, చదవడం రాకపోయినా ఆ పేజీ అంతా పైనుంచి కిందికి చూశాడు. "హాస్టల్‌కి," అన్నాడు. "ఈమె మాటన్లేక పాయె గానీ, రైలెక్కి వచ్చింది గదా."

లోపల్నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "రెండేండ్ల నుంచి నేను సెప్తాంటే ఇనలేదు. ఎవరో రాసుకుంటే ఇన్నాడు, మారాజు!"

ఆ ఫిర్యాదును గుంపులో పెట్టవచ్చా అని అడిగాను. పేర్లు లేకుండా, ఫొటో లేకుండా పెట్టుకోమన్నాడు. "మొకం వద్దు. మాట పెట్టు. అచ్చరం మార్చొద్దు." పర్వీన్ నన్ను మళ్లీ చేర్చుకుంది. కామెంటు రాసింది నేనేనని పైన రాసి, ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు కింద పెట్టాను. నాలుగు గుంపుల్లోకి పాకిన నా పాత మాట వెనకే ఇదీ పాకింది. వెళ్లిపోయినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. ఒకాయన మాత్రం, ఈ రత్నకుమారి ఎవరో కానీ నోరు ఎక్కువ అని రాశాడు. తేదీ ఉంది.

సోమవారం పొద్దున్నే బండి వచ్చింది. మహాదేవి షేర్వాణీ గుడ్డ సంచి భుజాన వేసుకుని హాస్టలు వసారాలో నిలబడింది. ఏడవలేదు. బండి మలుపు తిరిగేదాకా గంగ గౌను అంచు మాత్రం కనిపించింది. చిన్నది కదా, తల్లి వెంటే వెళ్లింది. వచ్చే యేడు దాన్నీ ఇక్కడే ఉంచుతానని ఉరుకుందప్ప చెప్పాడు. నేను అడగకుండానే చెప్పాడు.

గుంటూరు

ఆయనకు మా ఇంటి చిరునామా ఇచ్చి వచ్చాను. వస్తారని అనుకోలేదు. పోయిన ఆదివారం పత్తి చేనికి సెలవంట, భార్యాభర్తలూ గంగా, దుమ్ము దులుపుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. ముద్దపప్పు, గోంగూర, వంకాయ చేశాను. ఈసారి కూర మాడలేదు. ముందు మహాదేవికి వీడియో కాల్ చేశాం. ఆ పిల్ల ఇప్పుడు ఇరవై మూడో ఎక్కంలో ఉంది.

విస్తళ్లు వేశాను. ఉరుకుందప్ప పప్పన్నం కలిపి ఒక ముద్ద తిన్నాడు. నా మొహంలోకి సూటిగా చూశాడు. నవ్వకుండా, మా వైపు మాటల్లో, ఒక్కో అక్షరం నొక్కి పలికాడు.

"పాపం, ఈ పప్పు చూస్తే కడుపు తరుక్కుపోతోంది. ఇంత పెద్ద గుంటూరులో ఉన్నారు కదా, రవ్వంత ఉప్పు కొనలేరా?"

ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. నేను లేచి వెళ్లి ఉప్పుగిన్నె తెచ్చి ఆయన విస్తరి పక్కన పెట్టాను. తర్వాత నోట్‌బుక్కు తీసి, తేదీ వేసి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. నంబరు రెండు.